సొంతిల్లా, అద్దిల్లా: గుణుపురంలో వరద బీమా లెక్క

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు వంశధార పొంగిన సంగతి ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి వైపు మనవాళ్లు మరచిపోలేదు. అయినా వరద బీమా అనగానే "ఖర్చెంతో!" అని వెనక్కి తగ్గుతారు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో వరద అసలు కవర్‌లోనే ఉంది, విడిగా కొనక్కర్లేదు.

సొంతింటివాళ్లు ఇంటికి, అంటే గోడలు, పైకప్పు ఉన్న కట్టడానికి, బీమా చేయించాలి. లెక్క తప్పేది ఇక్కడే. స్థలం ధర కలపకూడదు. కార్పెట్ ఏరియాను (గోడల మధ్య వాడుకునే నేల విస్తీర్ణాన్ని) నేటి నిర్మాణ ఖర్చుతో గుణిస్తే బీమా మొత్తం వస్తుంది. 800 చదరపు అడుగులు, అడుగుకు 1,800 రూపాయలు అనుకుంటే 14.4 లక్షలు. అందులో 20 శాతం, అంటే 2.88 లక్షల దాకా సామాన్లకూ రక్షణ దానంతటదే వస్తుంది (గరిష్ఠంగా 10 లక్షలు). ప్రీమియం రేటు కంపెనీని బట్టి మారుతుంది. లక్ష బీమాకు 50 రూపాయల చొప్పున చెప్పారనుకుందాం: ఇంటి కట్టడం వరకు 720, పైన 18 శాతం జీఎస్టీ, వెరసి సుమారు 850. అదీ ఏడాదికి! దీపావళికి అంతకంటే ఎక్కువే కాల్చేస్తాం.

అద్దెకున్నవాళ్లకు సామాన్ల బీమా ఒక్కటే చాలు. ఫ్రిజ్, బీరువా, కుట్టుమిషన్ ఇప్పుడు కొత్తవి కొనాలంటే ఎంతవుతుందో రాసి కూడండి. నగలను విడిగా చెప్పి చేర్పించుకోవాలి.

ఏటి ఒడ్డున సొంతిల్లుంటే మాత్రం ఇంటి కట్టడానికీ బీమా చేయించడమే మేలు. ప్రీమియం తగ్గుతుందని విస్తీర్ణం తగ్గించి రాయించకండి.