నాయకుడి వెంటే ఉండడమా, వదిలేయడమా: ఏది మేలు?

మూడు అసెంబ్లీ ఎన్నికల్లో ఒకే నాయకుడికి ఓటేశాను. రెండుసార్లు గెలిచాడు, ఒకసారి ఓడాడు. ఓడిన రోజు మా అమ్మకు పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ నాయకుడంటే ఓటేసి మరిచిపోయే మనిషి కాదు. పెళ్ళికి వస్తాడు, చావుకు వస్తాడు, స్టేషన్‌కు ఫోన్ చేస్తాడు, పెద్దాసుపత్రిలో మంచం ఇప్పిస్తాడు. ఒక్కసారి ఆయన మనిషిగా పేరు పడితే ఊళ్ళో సగం మందికి అయినవాళ్ళమవుతాం, మిగతా సగానికి కానివాళ్ళమవుతాం. మా ఊళ్ళో టీ హోటళ్ళు కూడా రెండు. నేను రెండోదాంట్లో టీ తాగి పదేళ్ళు దాటింది.

ఇప్పుడు మా ఇంట్లోనే కాదు, చాలా ఇళ్ళల్లో నలుగుతున్న మాట ఒకటే. ఈయన వెంటే ఉండాలా, వదిలేయాలా? ఏ పార్టీ, ఏ నియోజకవర్గం అన్నది రాయను. ఇలాంటి నాయకులు రెండు వైపులా ఉన్నారు. కర్నూలు వాళ్ళు చదివినా, కడప వాళ్ళు చదివినా ఎవరికి వాళ్ళకు తమ నాయకుడే గుర్తొస్తాడు.

ఆయన చేసిన మేలు ముందు చెప్పకపోతే అన్యాయం. మా జిల్లాకు ఏడాది సగటు వానే 550 మిల్లీమీటర్ల దాకా, అదీ నమ్మకం లేదు. నా చిన్నప్పుడు చెనిక్కాయ తప్ప వేరే పంట ఎరగం. నాలుగు బోర్లు వేసి నాలుగూ ఎండిపోయిన ఇళ్ళు మా వీధిలోనే మూడున్నాయి. మాల్యాల దగ్గర శ్రీశైలం వెనక జలాలను ఎత్తిపోసి, మెట్టుమెట్టుగా పైకి తెచ్చిన హంద్రీ-నీవా నీళ్ళు మా పక్క కాలువలో పారుతున్నా మా చెరువుకు దారి లేదు. ఈయన ఇంజనీర్ల వెంటపడి, రాత్రుళ్ళు కాలువ గట్టున కూర్చుని, తూము పెట్టించి చెరువు నింపించాడు. ఆ రోజు ఊరంతా కట్ట మీదే ఉన్నాం. మా జేజి మోకాటి లోతు నీళ్ళలోకి దిగి పసుపూ కుంకుమా వేసి దండం పెట్టింది. ఎండిన బోర్లలో నీళ్ళు ఎక్కాయి. చెనిక్కాయ చేలు చీనీ (బత్తాయి) తోటలయ్యాయి. ఆ నీళ్ళతోనే మా అన్న కూతురు అనంతపురంలో బీటెక్ చదువుతోంది.

చెడు కూడా ఆ చీనీ తోటలోనే చూశాను. మా చేనును ఆనుకుని ఎదుటి పార్టీ ఆయన తోట ఉంది. ఒక రోజు తెల్లవారుజామున మోటారు వేద్దామని పోతే, పక్క చేను బోడిగా కనపడింది. నూట నలభై చెట్లు, ఆరేళ్ళవి, మోకాలి ఎత్తున రంపంతో కోసేశారు. ఆకులింకా వాడలేదు. గోలీకాయలంత పిందెలు నేలంతా పడి ఉన్నాయి. డ్రిప్పు పైపులను జానెడు జానెడు ముక్కలు చేసిపోయారు, మళ్ళీ అతికించడానికి వీల్లేకుండా. ఆయన భార్య ఒక మొద్దు పక్కన కూర్చుని, కారుతున్న పసరును కొంగుతో అద్దుతోంది. దెబ్బ తగిలిన పిల్లోడికి అద్దినట్టే. నాతో ఒక్క మాటా అనలేదు. ఆ చూపులో నేను కూడా ఆ గుంపులో మనిషినే.

కేసు పెట్టారు. కేసులో పేర్లున్న ఇద్దరూ నెల తిరక్కుండా మా నాయకుడి కారు వెనక సీట్లో కనపడ్డారు.

ఆ తర్వాత బడిలో వంట చేసే ఆమెను తీసేయించారు. భర్త లేని మనిషి, పన్నెండేళ్ళుగా పిల్లలకు అన్నం వండి పెట్టింది. ఆమె చేసిన తప్పల్లా, తమ్ముడు ఎదుటి పార్టీకి బూత్‌లో ఏజెంటుగా కూర్చోవడం.

వెంటే ఉండాలనే వాళ్ళలో మా ఇంట్లో గట్టి గొంతు మా చిన్నాయనది. ఆయన మాటను తేలిగ్గా తీసిపారేయలేం. "ఇయ్యాల తప్పు చేసినాడని మనం పక్కకు జరిగితే, రేపు వాళ్ళొచ్చి మన తోట ఉంచుతారా? మనకని ఒక మనిషి ఉండాల నాయనా," అంటాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు పడిన కేసులు, కోర్టు వాయిదాలకు పోతూ బస్టాండులో పడుకున్న రాత్రుళ్ళు నాకు తెలుసు. ఆ అనుభవం నుంచి వచ్చిన మాట అది. దానికి తోడు నీళ్ళ రుణం ఒకటి ఉంది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయకూడదని పెరిగినవాళ్ళం.

కానీ ఆ రుణం లెక్క సరిగ్గా వేసుకోవాలి. హంద్రీ-నీవా ఒక్కరి సొత్తు కాదు. ఎన్టీ రామారావు కాలంలో మొదలైన ఆలోచన, వైఎస్ రాజశేఖరరెడ్డి కాలంలో పనులు ఊపందుకున్నాయి, చంద్రబాబు కాలంలోనూ సాగాయి. మా నాయకుడు మా చెరువుకు తూము పెట్టించాడు, అది నిజం. దానికి మూడుసార్లు ఓటేశాం. ఇంకెన్నిసార్లు వేస్తే ఆ బాకీ తీరుతుందో ఎవరూ చెప్పరు.

భయం లెక్క కూడా వేసుకోవాలి. నాయకుడి చేతిలో నిజంగా ఉన్నది ఎంత? పింఛను ఆయన చేతిలో లేదు. 2024లో ప్రభుత్వం మారింది, జులై 1 నుంచి గ్రామ సచివాలయం ఉద్యోగులే ఇంటికొచ్చి నెలకు నాలుగు వేల లెక్కన ఇచ్చారు. ఎవరికి ఓటేశావని ఎవరూ అడగలేదు. రైతుకు వచ్చే డబ్బులు నేరుగా బ్యాంకు ఖాతాలో పడతాయి. ఆయన చెయ్యి ఆడేది ఉపాధి హామీ ఫీల్డ్ అసిస్టెంటు, రేషన్ డీలరు, బడి వంట, కాంట్రాక్టు పనులు, పోలీస్ స్టేషన్ దగ్గర. ఈ మొదటి నాలుగూ ఊళ్ళో పదిళ్ళకు మించి తగలవు. మిగిలింది స్టేషన్. స్టేషన్‌తో మాకు అంత పని ఎందుకు పడుతోందంటే, ఈ వర్గాల కొట్లాట వల్లే. రోగమూ ఆయన దగ్గరే, మందూ ఆయన దగ్గరే.

ఇక రెండో దారి, ఎదుటి పార్టీకి మారిపోవడం. సీమలో ఓటరు మారడని బయటివాళ్ళు అనుకుంటారు గానీ లెక్కలు వేరే చెబుతున్నాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 14 సీట్లు. 2014లో టీడీపీకి 12, వైఎస్సార్‌సీపీకి 2. 2019లో సరిగ్గా తిరగబడి వైఎస్సార్‌సీపీకి 12, టీడీపీకి 2. 2024లో పద్నాలుగూ కూటమికే. ఉమ్మడి కడప జిల్లాలో 2019లో పదికి పది గెలిచిన వైఎస్సార్‌సీపీకి 2024లో మిగిలినవి మూడే. కాబట్టి మారడం మన రక్తంలో లేదనేది ఉత్త మాట. మారిన ప్రతిసారీ బాగా ఆలోచించే మారారని కాదు, మారగలరని మాత్రం తేలిపోయింది.

అయితే మారితే ఏం మారుతుంది? ఇక్కడే నాకు దిగులు. ప్రభుత్వం మారిన నెలకే కొత్త ఫీల్డ్ అసిస్టెంటు, కొత్త రేషన్ డీలరు వస్తారు. తీసేసిన వంటామె పని మళ్ళీ ఆమెకు వస్తుంది, ఇప్పుడు చేస్తున్న ఇంకో పేదామె ఇంటికి పోతుంది. అంతకన్నా బాధ, చెట్లు కోసిన చేతులే కండువా మార్చుకుని అటు చేరడం. పార్టీ ఫిరాయింపుల చట్టం 1985 నుంచి ఉన్నా అది చట్టసభల సభ్యులకే, ఊరి గుంపులకు ఏ చట్టమూ లేదు. ఎటు గాలి ఉంటే అటు పోయే నలుగురు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు, వాళ్ళను రెండు పార్టీలూ చేతులు చాపి పిలుచుకుంటాయి. అందుకే పార్టీని చూసి మారితే చాలదు, అటువైపు నిలబడే మనిషెవరో చూడాలి. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో కేసులు, ఆస్తులు అన్నీ ఉంటాయి, ఫోన్‌లోనే చూడొచ్చు. కేసులున్న మనిషికి టికెట్ ఎందుకిచ్చారో పార్టీలు కారణం ప్రకటించాలని, గెలుస్తాడన్నది ఒక్కటే కారణం కాకూడదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మా టీ హోటల్లో ఒక్కరైనా ఆ కాగితం చూశామని అనగా నేను వినలేదు. నేను కూడా మొదటిసారి చూసింది ఈ మధ్యే.

ఎదుటి పార్టీ ఎమ్మెల్యేను గెలిపించుకుంటే ప్రభుత్వంలో పనులు కావనే భయమూ ఉంది. మా జిల్లాలోనే ఉన్న ఉరవకొండ నియోజకవర్గం వాళ్ళను అడగాలి ఆ సంగతి. 2014లోనూ, 2019లోనూ రాష్ట్రంలో గెలిచింది ఒక పార్టీ, అక్కడ గెలిచింది ఇంకో పార్టీ. అక్కడ గెలిచిన పార్టీ రాష్ట్రంలో ఓడుతుందని ఒక సెంటిమెంటే పుట్టింది, 2024లో అది పోయింది. ఆ పదేళ్ళూ ఊళ్ళేమీ ఖాళీ అయిపోలేదు.

నోటా గురించి ఎక్కువ చెప్పను. సుప్రీంకోర్టు 2013 సెప్టెంబరులో ఇచ్చిన తీర్పుతో వచ్చిన బటన్ అది. దానికి అందరికన్నా ఎక్కువ ఓట్లు పడ్డా, మిగిలిన అభ్యర్థుల్లో ముందున్నవాడే గెలిచినట్టు. మన దగ్గర ఎమ్మెల్యేను మధ్యలో వెనక్కి పిలిచే హక్కూ లేదు. ఐదేళ్ళకొకసారి దొరికే అవకాశాన్ని ఆ బటన్ మీద పెట్టడానికి నాకు మనసొప్పదు. ఇంట్లో కూర్చోవడం అంతకన్నా దండగ.

నాలుగో దారి చెప్పింది మా అన్న కూతురు. ఇంకా ఒక్కసారి కూడా ఓటేయని పిల్ల. "బాబాయ్, రెండు ఓట్లున్నాయి కదా, రెండూ ఒకరికే ఎందుకేస్తారు?" అంది. మన రాష్ట్రంలో అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకేసారి పోలింగ్. లోపల రెండు యంత్రాలు, ఎంపీకి తెల్ల కాగితం, ఎమ్మెల్యేకి గులాబీ కాగితం. పార్టీ నచ్చి మనిషి నచ్చకపోతే తెల్లదాని మీద పార్టీకి వేసి, గులాబీదాని మీద ఆ మనిషిని వదిలేయొచ్చు. మొదట నవ్వి ఊరుకున్నా గానీ, తర్వాత ఆలోచిస్తే అందులో చాలా బలముంది.

ఎందుకంటే, నీ ఓటు రహస్యమే గానీ నీ ఊరి ఓటు రహస్యం కాదు. లెక్కింపు అయ్యాక ఫారం 20 అని ఒకటి బయటికి వస్తుంది. ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో అంకెలతో సహా అందులో ఉంటుంది. బూత్‌లన్నీ కలిపి లెక్కపెట్టే టోటలైజర్ యంత్రం కావాలని ఎన్నికల సంఘం ఎప్పుడో అడిగింది, అది అమలుకు రాలేదు. నాయకులు ఆ కాగితం పట్టుకునే, "మీ ఊళ్ళో నాకు ఇన్నే పడ్డాయి" అని నిలదీస్తారు. మనల్ని భయపెడుతున్న ఆ కాగితంతోనే మనమూ మాట చెప్పొచ్చు. ఒకే బూత్‌లో ఎంపీకి ఆరొందలు పడి, అదే పార్టీ ఎమ్మెల్యేకి నాలుగొందలు పడితే, ఆ రెండొందల తేడా ఎందుకొచ్చిందో ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పార్టీ పెద్దలకూ చెప్పక్కర్లేదు, వాళ్ళు టికెట్ ఇచ్చేముందు చూసేది ఆ అంకెలే.

పంచాయతీ ఎన్నికలు ఇంకా దగ్గరి సాధనం. సర్పంచి ఎన్నికకు పార్టీ గుర్తులుండవు. ఏకగ్రీవం పేరుతో నాయకుడు చెప్పిన మనిషిని కూర్చోబెట్టకుండా, రెండు వర్గాల వాళ్ళతోనూ మాట్లాడే మనిషిని నిలబెట్టుకోవచ్చు. అసెంబ్లీ దాకా ఆగక్కర్లేదు.

ఈ దారులన్నిటిలో మేలైనది ముందు అడగడం, తర్వాత ఓటు తేల్చుకోవడం అని నాకనిపించింది. మారేముందు ఒక్కసారైనా ఆయన ముఖం చూసి అడగాలి. మూడుసార్లు ఓటేసినవాడికి ఆ హక్కుంది, ఆయనకూ చెప్పుకునే అవకాశం ఇచ్చినట్టవుతుంది. మొన్న మాఘమాసంలో మా బంధువుల పెళ్ళికి వచ్చాడు. అక్షింతలు వేసి, భోజనాల దగ్గరికి పోతుంటే పక్కకు జరిగి అడిగాను. "అన్నా, ఆ చెట్లు కోసినోళ్ళు నీ కార్లో తిరుగుతాండారు. ఊళ్ళో తలెత్తుకోలేక పోతాండాం." గొంతు వణికింది, దాచను.

ఆయన ఆగి నా భుజం మీద చెయ్యేశాడు. "వాళ్ళ కాలంలో మనవి నరకలేదా? నీకు చెట్లు ఇప్పుడే కనపడినాయా?" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, చాలా మామూలుగా అన్నాడు. తప్పైంది అని అంటాడేమోనని అప్పటిదాకా ఒక మూల ఆశ ఉండేది. చెరువు నింపిన మనిషి కదా.

గులాబీ కాగితం మీద ఆయనకు ఇక నా ఓటు లేదు. అది తేలిపోయింది. ఎవరికి వేయాలన్నది తేలలేదు. అటువైపు ఎవరు నిలబడతారో, వాళ్ళ కాగితంలో ఏముందో చూడాలి. వంటామె పని, ఫీల్డ్ అసిస్టెంటు పని పార్టీతో ముడిపెట్టనని పదిమందిలో చెప్పగలరా అని వాళ్ళనూ అడగాలి. వాళ్ళూ ఇదే జవాబు చెబితే ఏం చేయాలో నాకు ఇప్పుడు తెలియదు.

పెళ్ళి నుంచి వచ్చాక చిన్నాయన నాతో వారం మాట్లాడలేదు. ఎనిమిదో రోజు రాత్రి కరెంటొచ్చే వేళకు బోరు దగ్గరికి టార్చి పట్టుకుని వచ్చాడు. పక్క చేన్లో కోసిన మొద్దుల్లో కొన్ని చిగురు పెట్టాయి, అంటు కట్టిన చోటు కింది నుంచి, ముళ్ళతో. అవి చీనీ కాయవు, పీకేసి మళ్ళీ కొత్త అంట్లు నాటాల్సిందే. ఆయన టార్చి వాటి మీద చాలాసేపు ఉంచాడు.

"వాళ్ళకు అంట్లు యాడ దొరుకుతాయంట?" అని అడిగాడు.

"తెలీదు చిన్నాయనా. పొద్దున పోయి అడుగుదామా?"

ఆయన సరే అనలేదు, వద్దనలేదు. మోటారు వేసి, గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు.