పూర్ణా మార్కెట్ ఇత్తడి వేంకటేశ్వరుడు: పోత బాగుంది, పూత సంగతి చూసుకోవాలి

విశాఖ పూర్ణా మార్కెట్ ఇత్తడి కొట్లలో తూకం మీద అమ్మే ఏడంగుళాల వేంకటేశ్వర స్వామి విగ్రహం ఇది. బరువు 1 కిలో 850 గ్రాములు. అయస్కాంతం అంటలేదు, అంటే ఇనుముకు పూత వేసిన సరుకు కాదు. అడుగున తిప్పి చూస్తే గుల్ల లేదు, గట్టి పోత. ఇంటి పూజకు జానెడు దాటకూడదు, డొల్ల ఉండకూడదు అనుకునేవాళ్లకు రెండూ కుదిరాయి.

ముందు చేతులు చూడాలి. స్వామి పై కుడిచేతిలో చక్రం, పై ఎడమచేతిలో శంఖం సరిగ్గానే ఉన్నాయి. కింది కుడిచెయ్యి వరదహస్తం: అరచెయ్యి మనవైపు, వేళ్లు కిందికి, పాదాలే శరణని చూపిస్తూ. ఎడమచెయ్యి నడుము దగ్గర. శరణన్నవాడికి సంసార సాగరం నడుము లోతేనని పెద్దలు చెప్పే అర్థం ఈ చేతిలోనే ఉంది. చౌక పోతల్లో ఈ వేళ్లన్నీ ఒకే ముద్దగా ఉంటాయి. ఇందులో దేనికది విడిగా తెలుస్తోంది. వక్షస్థలం మీద కుడివైపు అమ్మవారి రూపు చిన్నదైనా స్పష్టంగా ఉంది. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన పని. లోపమల్లా కిరీటం వెనక: ఆకురాయి గీతలు అలాగే వదిలేశారు, శంఖం కింద ఆవగింజంత బెజ్జం కూడా ఉంది. విశాఖ ఉప్పుగాలికి చిలుము మొదలయ్యేది అలాంటి చోటే.

అసలు సంగతి పైనున్న లాకర్ (lacquer) కోటింగ్, అంటే మెరుపు పోకుండా వేసే వార్నిష్ లాంటి పల్చని పూత. కొట్లో దగదగా మెరిసేది దానివల్లే. షోకేసులో పెట్టేవాళ్లు దాన్ని ఉంచుకోవచ్చు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అభిషేకం చేసే విగ్రహానికి మాత్రం అది పనికిరాదు. పూత అక్కడక్కడా లేచి, లేచిన చోట నల్లబడి మచ్చలు పడుతుంది. పూత ఉందో లేదో తెలియాలంటే పీఠం అడుగున చింతపండు రసం చుక్క వేసి నిమిషం ఆగండి. రంగు తేలితే ఉత్త ఇత్తడి, మారకపోతే పూత ఉన్నట్టు. తీయాలంటే స్టీలు గిన్నెలో విగ్రహం మునిగేలా నీళ్లు పోసి, లీటరుకు చెంచా వంటసోడా వేసి 15 నిమిషాలు మరిగించండి. చల్లారాక పొరలా ఊడి వస్తుంది. యాంటిక్ ఫినిష్ విగ్రహాన్ని మాత్రం ఇలా మరిగించొద్దు, చింతపండూ పెట్టొద్దు. మడతల్లో కావాలని పెట్టిన నలుపు పోతుంది.

పూత తీశాక తోమడం ఇలా. దీపం జిడ్డు, పసుపు, కుంకుమ ముందు గోరువెచ్చని కుంకుడు రసంతో, మెత్తని బ్రష్షుతో పోవాలి. జిడ్డు మీద చింతపండు పని చెయ్యదు. తర్వాత నిమ్మకాయంత చింతపండు పది నిమిషాలు నానబెట్టి, ఆ గుజ్జుతో రెండు మూడు నిమిషాలు రుద్ది కడిగెయ్యాలి. రాత్రంతా పులుపులో వదిలేస్తే ఇత్తడిలోని జింకు కరిగి రాగి రంగు మచ్చలు పడతాయి, అవి తేలిగ్గా పోవు. నిమ్మచెక్క మీద ఉప్పు అద్ది రుద్దే అలవాటు మానెయ్యాలి. సముద్రగాలి మోసుకొచ్చేదాన్నే మనం చేతులారా పూసినట్టవుతుంది. స్టీలు పీచు అసలు వద్దు, స్వామి కళ్లూ నామమూ అరిగిపోతాయి. ఆఖరున పావు చెంచా వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో ఇంకోసారి కడిగితే పులుపు మిగలదు.

అన్నిటికన్నా ముఖ్యం ఆరబెట్టడం. పంచామృతం తడి, తడి గంధం కంకణాల సందుల్లో ఉండిపోతే పచ్చగా చిలుము పడుతుంది. నూలుగుడ్డతో తుడిచి, పుల్లకు దూది చుట్టి సందులు అద్ది, అరగంట ఫ్యాను కింద పెట్టండి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు వైపు ఇళ్లలో వారానికోసారి తోమకుండా రోజూ పొడిగుడ్డ వేస్తే చాలు, నెలకోసారి చింతపండు సరిపోతుంది. చిలుము కనిపించిన చోట వెదురుపుల్లతో గీకి, చింతపండు పెట్టి అప్పుడే కడిగెయ్యండి. అదే చోట వారంలో మళ్లీ పచ్చబడితే లోపల బెజ్జం ఉన్నట్టే. కొనేటప్పుడు శంఖం కిందా, కిరీటం వెనకా సూదిమొనతో తడిమి చూసి తీసుకోండి.