గోడకు 236 పౌండ్లు, గుర్రబ్బండి ఫ్రీ

లండన్‌లో హోటల్ గదికి రెండు రాత్రులకు 236 పౌండ్లు కట్టి మేం చూసింది ఒక ఇటుక గోడ. బుక్ చేసేటప్పుడు ‘గార్డెన్ వ్యూ’ అన్నారు. తీరా దిగితే గది నేలమాళిగలో. కర్టెన్ తీస్తే రెండడుగుల అవతల గోడ, దానిమీద కారుతున్న పైపు. కౌంటర్లో అడిగితే, గార్డెన్ ఆ గోడకు అటువైపే ఉందన్నాడు, నవ్వకుండా. ఉదయం ఏడున్నర దాటితే వేడినీళ్లు బంద్. ఖాళీ చేశాక సాయంత్రం దాకా సూట్‌కేసులు ఉంచినందుకు ఒక్కోదానికి 6 పౌండ్లు. ‘లోయర్ గ్రౌండ్’ అని కనిపిస్తే ఆ గది జోలికి పోకండి. మా ఆవిడ రెండు రోజులూ నాతో ముక్తసరిగానే మాట్లాడింది.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని చిత్రాల మ్యూజియం నేషనల్ గ్యాలరీకి మాత్రం టికెట్టే లేదు. బస్సుకు తలా 1.75 పౌండ్లు, అంతే ఖర్చు. వాన వచ్చిందని దూరాం గానీ, నాన్నకు బొమ్మలంటే ఇష్టమేం కాదు. ఇంగ్లీషు చిత్రకారుడు టర్నర్ 1844లో వేసిన రైలు బొమ్మ ముందు నిలబడి, "తడిగుడ్డతో తుడిచేసినట్టుందేంట్రా?" అన్నారు. పట్టాల మీద రైలుకు ముందు పరుగెత్తే కుందేలును వెతకమంటే, కళ్లజోడు మార్చి మరీ వెతికి, విసుక్కుని వదిలేశారు.

జాన్ కాన్‌స్టేబుల్ అనే మరో ఇంగ్లీషు చిత్రకారుడు వేసిన ‘హే వేన్’ (గడ్డిబండి) దగ్గర మాత్రం ఆగిపోయారు. దాదాపు ఆరడుగుల వెడల్పు. స్టౌర్ నదిలో ఖాళీ బండి, గుర్రాల మెడపట్టీలకు ఎర్రటి రంగు, ఒడ్డున బండికేసి చూస్తున్న కుక్క.

"బండి నీళ్లలో ఎందుకు ఆపాడు?" అన్నాను.

"చక్రాలు నానడానికి. ఎండలకి కర్ర కుంచించుకుపోయి ఇనప పట్టా వదులైపోద్ది. మనూళ్లో కాలవలోకి తోలేవాళ్లం కాదూ!"

ఇక బెంచీ మీద నలభై నిమిషాలు. 1821లో లండన్‌లో పెడితే ఇది అమ్ముడుపోలేదనీ, 1824లో ‘పారిస్ సలోన్’ అనే చిత్రప్రదర్శనలో బంగారు పతకం వచ్చిందనీ చెప్పాను. "లండన్ వాళ్లకి బండి తోలడం ఏం తెలుస్తుంది?" అన్నారు. మా ఆవిడ ఆ రోజు మొదటిసారి నవ్వింది.

దీనికి ఇంతే సైజులో వేసుకున్న చిత్తు బొమ్మ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అక్కడా ప్రవేశం ఫ్రీ. రెండూ చూడాలి, వీలైతే ఇదే వరసలో. మర్నాడు షాపింగ్ మానుకుని అక్కడికి వెళ్లాం. అంతా గోధుమ రంగు, కుంచె గీతలు అలాగే కనిపిస్తాయి. నాన్న కాసేపు చూసి, "ఇందులో నీళ్లు బురదగా ఉన్నాయి. బండి దిగితే అలాగే ఉంటాయి" అన్నారు.