1969 పికప్‌కి పోలీసు కారు కాళ్లు: ఏడాది నడిపాక నా మాట

మా బండి 1969 ఫోర్డ్ ఎఫ్-100. పొట్టి తొట్టి, 360 వీ8 ఇంజన్, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు. దాని ముందు సస్పెన్షన్ మొత్తం పీకేసి 2006 క్రౌన్ విక్టోరియా కారుది పెట్టాను. ఏడాదైంది, 6,000 మైళ్లు దాటాయి. ముందే చెప్పేస్తా, రోడ్డు మీద నడకకి నూటికి తొంభై మార్కులు. ఆ నడక కోసం నేను పడ్డ పాట్లకి మాత్రం మా ఆవిడ సున్నా వేసింది.

అసలు పాతదానితో వచ్చిన ఇబ్బందేంటి అని అడిగేవాళ్లుంటారు. ఈ పికప్పులకి 1965 నుంచి ఫోర్డ్ ట్విన్ ఐ-బీమ్ అనే ఏర్పాటు పెట్టింది. రెండు ఇనుప దూలాలు చేతులు కట్టుకున్నట్టు ఉంటాయి. కుడి చక్రాన్ని మోసే దూలం ఎడమవైపు ఛాసిస్‌కి, ఎడమ చక్రాన్ని మోసేది కుడివైపుకి బిగించి ఉంటాయి. మహా మొండి సరుకు, ఇటుకలు వేసినా ఎరువు బస్తాలు వేసినా కిక్కురుమనదు. కానీ చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడల్లా అటో ఇటో వాలుతుంది. నమ్మకం లేకపోతే జాకీ పెట్టి ఎత్తి చూడండి. ముందు చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. జాకీ దించాక కూడా వెంటనే సర్దుకోవు. బండిని నాలుగడుగులు దొర్లిస్తే గానీ చక్రం నిటారుగా నిలబడదు. మొదటిసారి చూసినప్పుడు ఏదో విరిగిందేమోనని నా గుండె జారిపోయింది.

దానికి తోడు నా బండికి కింగ్ పిన్నులు, అంటే ముందు చక్రాలు కుడీ ఎడమా తిరగడానికి ఉండే కీలు మేకులు, అరిగిపోయాయి. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టక్ టక్ మనేది. హైవే మీద 60 దాటితే స్టీరింగ్ రెండంగుళాలు తిప్పినా చక్రాలకి కబురు అందేది కాదు, అందాక మాత్రం పక్క లైన్‌లోకి దూకేది. బ్రేకు కొడితే ఏ పక్కకి లాగుతుందో ఆ రోజు దాని మూడ్‌ని బట్టి ఉండేది.

నిజాయతీగా చెప్పాలంటే కింగ్ పిన్నులు, బుష్షులు, స్టీరింగ్ బాక్సు కొత్తవి వేస్తే ఇందులో సగానికి సగం పోయేది. నేను ఆ దారిన వెళ్లలేదు. ఎందుకంటే ఒకసారి మా తోడల్లుడు తన బండి నడపమని ఇచ్చాడు. అతని పాత పికప్ కింద మస్టాంగ్ 2 రకం సస్పెన్షన్ కిట్ ఉంది. 1974 నుంచి 1978 దాకా వచ్చిన ఆ చిన్న కారు ముందు భాగాన్ని చూసి తయారుచేసే కిట్లు ఇప్పటికీ కొత్తవి అమ్ముతారు. వేలితో తిప్పితే తిరిగే స్టీరింగ్ చూశాక నాకు ఇంటికొచ్చి నా బండి ఎక్కబుద్ధి కాలేదు.

అయితే ఆ కిట్టు వెల నా వల్ల కాలేదు. పైగా తేలికపాటి కారు కోసం పుట్టిన కొలతల మీద బరువైన పాత వీ8 ని కూర్చోబెట్టడం నాకు మనస్కరించలేదు. కిట్లవాళ్లు అన్నీ దిట్టంగానే చేస్తారు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా మనసు ఒప్పుకోలేదు, అంతే.

క్రౌన్ విక్టోరియా కథ వేరు. పోలీసులూ టాక్సీవాళ్లూ ఏళ్లతరబడి చావగొట్టి నడిపిన కారు అది. 2003 మోడల్‌కి ఫోర్డ్ దాని ముందు భాగాన్ని పూర్తిగా మార్చింది. పాత స్టీరింగ్ బాక్సు తీసేసి రాక్ (చక్రాలని అటూ ఇటూ తోసే పళ్ల కడ్డీ) పెట్టింది. చక్రాన్ని పట్టుకునే పై చేతులు, కింది చేతులు, స్ప్రింగు చుట్టిన షాకులు, రాక్ అన్నీ ఒక్క అల్యూమినియం క్రేడిల్‌కే, అంటే అడ్డ చట్రానికే బిగించింది. ఆ క్రేడిల్‌ని బోల్టులతో ఛాసిస్‌కి వేలాడదీసింది. అంటే బోల్టులు విప్పితే ముందు సస్పెన్షన్ అంతా ఒకే ముక్కగా కిందికి దిగుతుంది. 2011లో ఆ కారు తయారీ ఆగిపోయింది. రిటైరైన బళ్లు జంక్ యార్డుల్లో కుప్పలు. మెర్క్యురీ గ్రాండ్ మార్కీ, లింకన్ టౌన్ కార్ల కింద ఉండేదీ ఇదే. ఇంకో చిత్రం ఏంటంటే క్రౌన్ విక్టోరియా వీల్‌బేస్ (ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా దూరం) 114.7 అంగుళాలు, నా పొట్టి తొట్టి బండిది 115. మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు కోణాల్లో తిరగాలి కదా, ఆ లెక్క వీల్‌బేస్‌ని బట్టే ఉంటుంది. అందుకని అక్కడ ఏ గొడవా లేదు. పొడుగు తొట్టి బండికైతే 131 అంగుళాలు, అంత చక్కగా కుదరదు.

యార్డులో గ్రాండ్ మార్కీ ఒకటి, పోలీసు కారు ఒకటి పక్కపక్కనే ఉన్నాయి. గ్రాండ్ మార్కీ డాష్‌బోర్డు మీద ఇంకా టిష్యూ డబ్బా ఉంది. ఎవరో పెద్దావిడ కూరగాయలకీ గుడికీ, సారీ, చర్చికీ తప్ప తీసి ఉండదు. నేను మాత్రం పోలీసు కారుది కావాలన్నాను. గొప్ప కోసం. కౌంటర్ దగ్గర మనిషి "అన్నీ స్ట్రెయిట్‌గా ఉన్నాయి" అన్నాడు, 350 డాలర్లు తీసుకున్నాడు. ఇంటికొచ్చి మట్టి కడిగితే ఎడమ కింది చెయ్యి వంగి ఉంది. ఆ కారు ఎవరిని తరుముతూ ఏ ఫుట్‌పాత్ ఎక్కిందో ఏమో. రిటర్న్ లేదన్నారు. కొత్త చెయ్యి, ఎలాగూ విప్పాను కదా అని రెండు హబ్ బేరింగులు, అలా ఇంకో 400. పెద్దావిడ కారుదే తెచ్చుకుని ఉంటే ఆ డబ్బులు మిగిలేవి, మెత్తటి స్ప్రింగులూ దక్కేవి.

ఇక బిగింపు. రెండు వీకెండ్లు అనుకున్నా, అయిదు నెలలు పట్టింది. క్రేడిల్ పెట్టడం అసలు పనే కాదు. అది వచ్చి కూర్చున్నాక దాని చుట్టూ ఉన్నవన్నీ లేచి నిలబడతాయి, అసలు పని అక్కడ మొదలవుతుంది.

మొదటిది ఇంజన్. పాత క్రాస్ మెంబర్ (ఛాసిస్ రెండు పక్కలనీ కలిపే అడ్డ దూలం) కోసేస్తే ఇంజన్ కూర్చునే పీట కూడా దాంతోనే పోతుంది. గ్రైండర్ పట్టుకుని సిద్ధంగా ఉన్నప్పుడు మా తోడల్లుడు "అన్నయ్యా, ఆగండి. ఇది కోస్తే ఇంజన్ని ఎవరు పట్టుకుంటారు, మీరా నేనా?" అన్నాడు. హాయిస్ట్‌తో వేలాడదీసి అప్పుడు కోశాం. ఆపైన ఆయిల్ పాన్. నా ఇంజన్‌కి ఆయిల్ గుంట ముందువైపు ఉంది, సరిగ్గా క్రేడిల్ కూర్చునే చోట. వెనకవైపు గుంట ఉన్న పాన్, దానికి సరిపడా ఆయిల్ పీల్చే గొట్టం వెతికి పట్టుకోవడానికే నెల పోయింది.

రెండోది ఛాసిస్. పికప్ ఛాసిస్ పట్టా సి ఆకారంలో ఉంటుంది, ఒక పక్క ఖాళీ. కారుది నాలుగు వైపులా మూసిన పెట్టె. అల్యూమినియాన్ని ఉక్కుకి వెల్డింగ్ చేయలేం కాబట్టి బోల్టులే గతి. కానీ ఖాళీ పట్టాలో బోల్టు వేసి గట్టిగా బిగిస్తే పట్టా నలిగిపోతుంది. అందుకే లోపలివైపు ప్లేటు వెల్డింగ్ చేసి పెట్టెలా మూసి, బోల్టు వెళ్లే ప్రతి చోటా మందపాటి గొట్టం ముక్క నిలబెట్టాం. ఈ పని ఎగ్గొట్టినవాళ్ల బండి ఎక్కకండి. నేనైతే ఎక్కను. ఉక్కూ అల్యూమినియం తగిలే చోట పెయింట్ మందంగా వేయండి, చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు తగిలితే అక్కడ అల్యూమినియాన్ని తినేస్తుంది.

స్టీరింగ్ రాడ్‌కి మూడు జాయింట్లు పడ్డాయి. మూడు పడితే మధ్యలో ఒక బేరింగు ఆసరా ఇవ్వాల్సిందే, లేకపోతే రాడ్ ఊగుతుంది. ఆసరా పెట్టాను గానీ జాయింట్ల ఫోర్కులు ఒక వరసలో పెట్టకుండా బిగించేశాను. స్టీరింగ్ ఒక చుట్టు తిప్పితే రెండుసార్లు బిగిసి రెండుసార్లు వదులయ్యేది. విప్పి ఒక ఫోర్కు తిప్పి పెడితే పోయింది. పది నిమిషాల పని, కారణం పట్టుకోవడానికి మూడు రాత్రులు.

బ్రేకుల గురించి క్లుప్తంగా: ముందు డిస్కులు వచ్చాయి కాబట్టి డ్రమ్ముల కాలం నాటి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని తోసే పంపు) ఉంచుకోకండి. డ్రమ్ముల కోసం లైన్లో కొద్దిగా ప్రెషర్ పట్టి ఉంచే వాల్వు అందులో ఉంటుంది. దానివల్ల డిస్కు ప్యాడ్లు వదలకుండా రాసుకుంటూనే ఉంటాయి. కుడి చక్రం కమురు వాసన వచ్చాక నాకు జ్ఞానోదయమైంది.

అలైన్‌మెంట్ దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం వివరంగా చెప్పాలి. క్రేడిల్ బిగించేటప్పుడు ఛాసిస్‌ని స్టాండ్ల మీద లెవెల్ చూసి పెట్టాం. బుడగ సరిగ్గా మధ్యలో ఉంది, ఫోటో కూడా తీసుకున్నాను. బండి దించాక చూస్తే ముందు అయిదంగుళాలు కిందికి వచ్చింది. వెనక కమాన్ కట్టలకి కూడా దిమ్మెలు పెట్టి దించినా ఇంకా 2 అంగుళాలు ఎత్తుగానే ఉంది. చూడ్డానికి బావుంది, దూకబోయే పిల్లిలా. కానీ 115 అంగుళాల పొడవు మీద 2 అంగుళాలు అంటే సరిగ్గా 1 డిగ్రీ. ఛాసిస్ ముందుకి ఎంత వాలితే క్యాస్టర్, అంటే ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం, అంత తగ్గుతుంది. చక్రం తిప్పి వదిలితే తనంతట తాను సూటిగా రావడానికి కారణం ఆ క్యాస్టరే.

అది చాలదన్నట్టు అలైన్‌మెంట్ షాపులో వాళ్లు కంప్యూటర్‌లో 1969 ఎఫ్-100 అని కొట్టి ఆ బండి అంకెలకి సెట్ చేశారు. కింద ఉన్నది వేరే కారుదని నేను చెప్పలేదు, వాళ్లు తొంగి చూడలేదు. ప్రింటవుట్‌లో అన్నీ పచ్చరంగులో ఉన్నాయి. హైవే ఎక్కితే బండి కొత్తగా సైకిల్ నేర్చుకునే పిల్లాడిలా ఊగింది. మళ్లీ అదే షాపుకి వెళ్లి డబ్బులు మళ్లీ కట్టి, ఈసారి బండి కిందకి నేనే తీసుకెళ్లి చూపించి, క్రౌన్ విక్టోరియా అంకెలకి పెట్టమన్నాను. క్యాస్టర్ మాత్రం వీలైనంత పాజిటివ్ వైపు జరపమన్నాను. ఆ రోజు సాయంత్రం ఇంటికి వస్తూ ఎగ్జిట్ దాటిపోయి ఇంకో ఇరవై మైళ్లు ఊరికే వెళ్లాను.

ఇప్పుడు ఎలా ఉందంటే, 70 లో ఒంటి చేత్తో పట్టుకున్నా గీత మీద వెళ్తుంది. బ్రేకు కొడితే సూటిగా ఆగుతుంది. వంతెన జాయింట్లు దాటేటప్పుడు ఇదివరకు స్టీరింగ్ చేతికి కొట్టేది, ఇప్పుడు దబ్ మని శబ్దం వస్తుంది అంతే. హబ్బులు సీల్డ్ కాబట్టి బేరింగులకి గ్రీజు పెట్టే పని తప్పింది.

బాగోలేనివీ ఉన్నాయి. క్రేడిల్ నేలకి బాగా దగ్గర, మా డ్రైవ్‌వే అంచు ఏటవాలుగా ఎక్కకపోతే గీసుకుంటుంది. పోలీసు స్ప్రింగులు నాకు గట్టివే. పాత చక్రాలు ముందు పనికిరావు, కారు చక్రాలు బాగా లోపలికి కూర్చునే రకం, పాతవి వేస్తే ఫెండర్ బయటికి పొడుచుకొస్తాయి. అసలు అవి ఎక్కవు కూడా. ముందు అయిదు స్టడ్‌లు 4.5 అంగుళాల చుట్టు, వెనక అయిదు స్టడ్‌లు 5.5 అంగుళాల చుట్టు. వెనక ఇరుసు కూడా మార్చేదాకా తొట్టిలో రెండు స్టెప్నీలు మోస్తున్నాను. పెట్రోల్ బంకులో ఎవరైనా అడిగితే "జాగ్రత్త కోసం" అంటాను.

మొత్తం ఖర్చు 2,900 డాలర్లు, చక్రాలూ టైర్లూ కాకుండా. బండితో బరువులు మోసేవాళ్లు, కంకర దారుల్లో తిరిగేవాళ్లు దీని జోలికి రావద్దు. కింగ్ పిన్నులు మార్చుకుని ఐ-బీములతోనే ఉండండి. వెల్డింగ్ చేతకానివాళ్లు, చేసే మనిషి మీద నమ్మకం ఉంటేనే దిగండి. నాలా వారానికోసారి ఊరి బయట తిరిగొచ్చేవాళ్లకి మాత్రం ఇంతకంటే చవకగా ఇంత మంచి నడక రాదు.

నా పాత ఐ-బీములు గ్యారేజ్ మూలన ఉన్నాయి, మా ఆవిడ రోజూ వాటికి కాలు తగిలించుకుని నన్ను తిడుతుంది. మొన్న ఒకాయన కావాలని వచ్చాడు. బేరం కుదరలేదని ఇంట్లో చెప్పాను. కుదరకుండా రేటు చెప్పింది నేనే.