జాన్సన్ డిక్షనరీ కొంటున్నారా? ‘కె’ తర్వాత ఏముందో ముందు అడగండి

ఆ పాత పుస్తకాలాయన పొద్దున్నే మళ్ళీ అదే ఫొటో పెట్టాడు. తోలు అట్ట, బంగారు రంగు అక్షరాలు, పక్కన ఓ ఇత్తడి దీపం. ఈసారి 3,800 అట, ‘ఒక్కటే మిగిలింది’ అట. నాకు అంటగట్టింది 4,200కి. అందుకే కోపం చల్లారకముందే రాసేస్తున్నా. ఆయనెవరో చెప్పక్కర్లేదు, పాత పుస్తకాల పిచ్చి ఉన్న ప్రతివాడి ఫోన్లోనూ ఆయన నంబరు ఉంటుంది.

సరుకు శామ్యూల్ జాన్సన్ ఇంగ్లీష్ డిక్షనరీ, 1755 నాటి మొదటి ముద్రణకి నకలు. అసలు ప్రతి ఆ ధరకి రాదని నాకూ తెలుసు, అంత వెర్రివాణ్ణి కాదనుకున్నా. ‘ఫుల్ సెట్టేనా?’ అని అడిగితే ‘ఫుల్ సెట్ సర్, కళ్ళు మూసుకుని తీసుకోండి’ అని మూడు దణ్ణాల బొమ్మలు పెట్టాడు. నేనూ కళ్ళు మూసుకునే తీసుకున్నా.

పార్సిల్ విప్పగానే ఓట్స్ కోసం వెతికాను, ఎవరైనా ముందు వెతికేది అదే కదా. ఇంగ్లండులో గుర్రాలకు వేసే గింజ, స్కాట్లండులో మాత్రం జనాన్ని పోషిస్తుంది అని జాన్సన్ పెట్టిన చురక. లేదు. లెక్సికోగ్రాఫర్, అంటే డిక్షనరీ రాసేవాడు, ఎవరికీ హాని చెయ్యని గొడ్డుచాకిరీ మనిషి అన్నాడే, అదీ లేదు. గుర్రం కాలికి గిట్టకి కాస్త పైనుండే భాగాన్ని పట్టుకుని మోకాలు అని రాసేసి, ఎందుకలా రాశారని ఒకావిడ నిలదీస్తే ‘తెలియకే తల్లీ, వట్టి తెలియకే’ అని ఒప్పుకున్న ‘పాస్టర్న్’ కూడా లేదు. చివరి పేజీ తిప్పితే కె దగ్గర ఆగిపోయింది పుస్తకం. అసలుది రెండు సంపుటాలు, ఎ నుంచి కె వరకు ఒకటి, ఎల్ నుంచి జెడ్ వరకు ఇంకోటి. జనం కథలుగా చెప్పుకునే మాటలు చాలావరకు ఆ రెండో దాంట్లోనే ఉన్నాయి. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే, ఆయన పెట్టిన ఫొటోలోనే మొదటి పేజీ మీద ‘రెండు సంపుటాలలో’ అని ఇంత లావు అక్షరాలతో ఉంది. ఇరవై ఏళ్ళుగా పిల్లలకి ఇంగ్లీష్ చెబుతున్నవాణ్ణి, ఆ ఒక్క ముక్క చదవలేకపోయాను.

పోనీ ఆ సగమైనా సవ్యంగా ఉందా? మన పాత అచ్చులో బండి ఱ, అరసున్న ఉన్నట్టే వాళ్ళకీ పొడుగు ఎస్ అని ఒకటి ఉండేది, చూడ్డానికి ఎఫ్‌లా ఉంటుంది. స్కాన్‌ని కంప్యూటర్ చేత చదివించి, ఆ చదివిందాన్ని దిద్దకుండా అచ్చేసి బైండు చేశారు. దాంతో సన్ కాస్తా ఫన్ అయింది, సైట్ ఫైట్ అయింది, సెయిల్ ఏకంగా ఫెయిల్ అయింది.

ఫోన్ చేశాను. ఇక్కడే నా ఒళ్ళు మండింది. ఎఫ్‌ల సంగతి చెబితే ‘పాత ఇంగ్లీష్ అలాగే ఉంటుంది సర్, అలవాటు లేనివాళ్ళకి అర్థం కాదు’ అన్నాడు. అన్నది నాతో! పాత ఇంగ్లీష్ అంటే జాన్సన్ కంటే ఏడెనిమిది వందల ఏళ్ళ ముందు మాట, అది వేరే భాషంత దూరం బాబూ అని నేను క్లాసు మొదలుపెట్టబోయాను చూడండి, నా తెలివి. అవన్నీ వద్దు, మిగతా సగం ఏదయ్యా అంటే, ఒక్క క్షణం ఆగి, ‘ముందు కె దాకా చదవండి సర్, అయ్యాక ఎల్ సంగతి చూద్దాం’ అన్నాడు. వెనకాల ఎవరో పకపకా నవ్వారు. ఫోన్ పెట్టేసింది కూడా ఆయనే. మళ్ళీ చేస్తే నంబరు బ్లాక్.

ఆ నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది. 4,200 పోతే పోయాయి. అసలు జాన్సన్ ‘నెట్‌వర్క్’కి రాసిన అర్థం, వల అనే చిన్న విషయాన్ని ఎవరికీ అంతుపట్టనంత పెద్ద మాటల్లో చెప్పిన ఆ వాక్యాన్ని, పుస్తకంలోనే చూపిస్తానని క్లాసులో గొప్పలు పోయాను. సోమవారం ఖాళీ చేతులతో వెళితే వెనక బెంచీ నుంచి ‘ఏం సార్, నెట్‌వర్క్ లేదా?’

ఒక్క మాట మాత్రం బాగానే అచ్చయింది. ‘డల్’. దానికి ఉదాహరణగా ‘డిక్షనరీలు తయారు చెయ్యడం డల్ పని’ అని రాసుకున్నాడు జాన్సన్ మహానుభావుడు. అమ్మడం అలా కాదనుకుంటా, భలే హుషారుగా నవ్వుతున్నారు.

కొనేవాళ్ళు ఎవరైనా డబ్బు పంపేముందు లోపలి పేజీలు తిప్పుతూ వీడియో తీసి పంపమనండి, ఓట్స్ ఉన్న పేజీ చూపించమనండి. అసలు ఆ స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఊరికే దొరుకుతాయి, పొడుగు ఎస్‌లతో సహా. అది నాకు నిన్న రాత్రి తెలిసింది.