బ్యాంకాక్‌లో ఒక్క రోజే ఉంటే నది ఒడ్డు వదలొద్దు

పట్టాయా నుంచి తిరిగొచ్చేటప్పుడో, బాలీకో సింగపూర్‌కో వెళ్తూ దారిలో ఆగినప్పుడో మనవాళ్లకి బ్యాంకాక్‌లో సాధారణంగా ఒక్క రోజు మిగులుతుంది. ఆ ఒక్క రోజులో ఫ్లోటింగ్ మార్కెట్, సఫారీ, షాపింగ్ మాల్, నాలుగు గుళ్లు అంటూ జాబితా రాసుకుంటే సగం రోజు కారులోనే గడిచిపోతుంది. పేరున్న డామ్నొన్ సదువాక్ ఫ్లోటింగ్ మార్కెట్ ఊరికి 100 కిలోమీటర్ల దూరంలో ఉంది. చతుచక్ సంత శని, ఆదివారాల్లోనే నిండుగా నడుస్తుంది. ఒక్క రోజుకి సరిపడేది చావో ఫ్రాయా నది ఒడ్డున ఉన్న పాత ఊరు. గ్రాండ్ ప్యాలెస్, వాట్ ఫో, వాట్ అరుణ్ మూడూ రెండు కిలోమీటర్ల లోపే ఉంటాయి. "వాట్" అంటే థాయ్‌లో గుడి.

ప్యాకేజీలో వెళ్లేవాళ్లు ముందుగా ఒక్క మాట అడగండి: సిటీ టూర్‌లో గ్రాండ్ ప్యాలెస్ టిక్కెట్ కలిపారా? చాలా ప్యాకేజీల్లో బంగారు బుద్ధుడి గుడి వాట్ ట్రైమిట్, పాలరాతి గుడి చూపించి, ఆ తర్వాత రత్నాల షోరూమ్‌కి తీసుకెళ్తారు. ట్రైమిట్ చూడదగ్గదే. ఐదున్నర టన్నుల ఆ బంగారు విగ్రహం ఎన్నో ఏళ్లు సున్నపు పూత కింద దాగి ఉంది. 1955లో చోటు మారుస్తుంటే పూత పగిలి లోపలి బంగారం బయటపడింది. కానీ ప్యాలెస్ వదిలేసి షోరూమ్‌లో గంట కూర్చోవడం దండగ.

బయల్దేరే ముందు డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. 2025 మే 1 నుంచి ఇది తప్పనిసరి. దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోపు ప్రభుత్వ సైట్‌లో నింపుకోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. డబ్బు అడిగిందంటే అది దళారీ సైటే. ఏటీఎంలో మన కార్డు పెడితే తీసిన ప్రతిసారీ 200 బాట్లకి (థాయ్ కరెన్సీ) పైనే ఫీజు పోతుంది, అందుకని డాలర్లు తీసుకెళ్లి మార్చుకోవడం నయం. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో పై అంతస్తుల్లో కన్నా, బేస్‌మెంట్‌లో రైలు ఎక్కేచోట ఉన్న కౌంటర్లలో రేటు బాగుంటుంది.

అక్కడి నుంచి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్‌లో మక్కాసాన్ దాకా 35 బాట్లు. దిగి నడక వంతెన మీదుగా ఫెచబురి మెట్రో స్టేషన్‌కి వెళ్లి బ్లూ లైన్ ఎక్కితే పదో స్టేషన్ సనమ్ చాయ్, పాత ఊరికి దిగాల్సింది అక్కడే. మెట్రో గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ వీసా, మాస్టర్ కార్డు తాకిస్తే చాలు. ఊళ్లోని రెండో ఎయిర్‌పోర్టు డాన్ ముయాంగ్‌లో దిగినవాళ్లు రెడ్ లైన్ రైల్లో బాంగ్ సూ వచ్చి అదే బ్లూ లైన్ పట్టుకోవాలి. ట్యాక్సీ ఎక్కితే మీటరు వేయమనండి, 35 బాట్లతో మొదలవుతుంది. ఎయిర్‌పోర్టు స్టాండ్‌లో ఎక్కితే పైన ఇంకో 50, టోల్ అదనం. మీటరు వేయనంటే దిగిపోండి, వెనకే ఇంకోటి వస్తుంది. ఉదయం, సాయంత్రం రద్దీలో మాత్రం రోడ్డు మీద ఆశ పెట్టుకోవద్దు.

మూడు చోట్లనీ చూసే వరస ముఖ్యం. ముందు ప్యాలెస్, ఆ తర్వాత వాట్ ఫో, ఆఖర్న వాట్ అరుణ్. ప్యాలెస్ 8:30కి తెరుస్తారు, టిక్కెట్లు మధ్యాహ్నం 3:30కి ఆపేస్తారు. పది దాటాక టూర్ బస్సుల జనం వచ్చి పడతారు, లోపల నీడ తక్కువ. సనమ్ చాయ్‌లో దిగగానే వాట్ ఫో పక్కనే కనిపిస్తుంది కాబట్టి చాలామంది అటే దూరిపోతారు. అలా చేస్తే ప్యాలెస్‌కి మిట్టమధ్యాహ్నం చేరతారు. సందర్శకుల గేటు ఉత్తరం వైపు నా ఫ్రా లాన్ రోడ్డు మీద ఉంది, గోడ వెంబడి ఇరవై నిమిషాలు నడవాలి. అంత నడవలేనివాళ్లు సాఫాన్ తాక్సిన్ స్కైట్రైన్ స్టేషన్ కింద ఉన్న సాథోర్న్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కి ప్యాలెస్ దగ్గరి తా చాంగ్ రేవులో దిగొచ్చు, 16 బాట్లే. అదే రేవులో 150 బాట్ల రోజంతా టూరిస్టు పాస్ అమ్మేవాళ్లు ముందుగా పిలుస్తారు. రెండుమూడుసార్లు పడవ ఎక్కేవాళ్లకి ఆ పాస్ గిట్టదు.

గోడ వెంబడి నడుస్తుంటే నీటుగా డ్రెస్ చేసుకున్న మనిషి ఎదురొచ్చి "ఈరోజు పూజ ఉంది, ఒంటిగంట దాకా ప్యాలెస్ మూసేశారు, ఈలోగా ఇరవై బాట్లకే టుక్‌టుక్‌లో వేరే గుళ్లు చూపిస్తారు" అంటాడు. ఆ టుక్‌టుక్ చేరేది రత్నాల కొట్టుకో, సూట్లు కుట్టే షాపుకో. డ్రైవరుకి అక్కడ కమీషన్ ముడుతుంది కాబట్టే బేరం అంత చవక. మాట వినకుండా గేటు దాకా నడవండి. రాజకుటుంబ కార్యక్రమాలున్న రోజుల్లో నిజంగానే కొంత భాగం మూస్తారు, ఆ సంగతి ప్యాలెస్ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు.

గేటు దగ్గర బట్టలు చూస్తారు. నిక్కర్లు, చేతుల్లేని జాకెట్లు, చిరిగిన జీన్స్, పొట్టి టాప్ కింద లెగ్గింగ్స్ ఒప్పుకోరు. చీర, చుడీదార్, ఫుల్ ప్యాంటు అయితే చిక్కు లేదు. ఎండకి చున్నీ, గొడుగు దగ్గరుంచుకోండి. మే నుంచి అక్టోబరు దాకా మధ్యాహ్నం వాన ఖాయమనుకోండి.

టిక్కెట్ 500 బాట్లు, 120 సెంటీమీటర్ల లోపు పిల్లలకి లేదు. ప్యాలెస్ ఆవరణలోని గుడిలో ఉన్న పచ్చ బుద్ధుడి (ఎమరాల్డ్ బుద్ధ) విగ్రహం 66 సెంటీమీటర్లే, ఎత్తైన పీఠం మీద ఉంటుంది. దాని బంగారు వస్త్రాల్ని ఏడాదికి మూడుసార్లు, రుతువు మారినప్పుడల్లా రాజే మారుస్తాడు. ఆ మందిరంలో ఫొటోలు తీయనివ్వరు, చెప్పులు బయటే, కాళ్లు బుద్ధుడి వైపు చాపకూడదు. అందరూ ఆ మందిరం చూసేసి వెళ్లిపోతారు. మనవాళ్లు కనీసం గంట కేటాయించాల్సింది మాత్రం ఆవరణ చుట్టూ ఉన్న వసారాకి. 178 చిత్రాల్లో రామాయణం మొత్తం గోడల మీద ఉంది. థాయ్‌లో దాని పేరు రామకియెన్. రాముడు ఆకుపచ్చ రంగులో, లక్ష్మణుడు బంగారు రంగులో, హనుమంతుడు తెల్లగా కనిపిస్తారు. రావణుడి పేరు తొసకన్, అంటే దశకంఠుడు. గేటు దగ్గర ఆకుపచ్చని భారీ విగ్రహంగా, తలల మీద తలలు అంతస్తులుగా పేర్చుకుని కాపలా కాస్తున్నది ఆయనే.

హనుమంతుడు కొండంత పెరిగి, రాముడి విడిదిని నోట్లో పెట్టుకున్న బొమ్మ ఒకటుంది, దాని దగ్గర ఆగండి. అది మన మైరావణుడి కథే. మన దగ్గర తోకతో కోట కడితే, అక్కడ నోరే కోట. పాతాళానికి కాపలా ఉన్న మన మత్స్యవల్లభుడు అక్కడ మచ్చానుగా, చేపతోక ఉన్న చిన్న కోతిగా వస్తాడు. ఈ కథలు విన్న పెద్దవాళ్లని వెంట తీసుకెళ్తే బొమ్మ బొమ్మకీ ఆగుతారు.

అదే టిక్కెట్‌తో సాలా చలెమ్‌క్రుంగ్ థియేటర్లో ఖోన్ అనే ముసుగు నాట్యం కూడా చూడొచ్చు. ఉండేది అరగంట లోపే, వారపు రోజుల్లో మాత్రమే. కథ రామకియెన్‌దే. ప్యాలెస్ నుంచి అక్కడికి ఉచితంగా బండి ఉంటుంది. టిక్కెట్ తీసుకునేటప్పుడే ఆట వేళలు అడిగి పెట్టుకోండి. థియేటరు దగ్గర్లోనే ఫాహురత్ అనే భారతీయ పేట, అందులో సిక్కుల గురుద్వారా, శాకాహార హోటళ్లు ఉన్నాయి. మధ్యాహ్నం భోజనానికి ఇంతకన్నా సులువైన చోటు లేదు. ఇంకెక్కడైనా తినాలంటే పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" అని రాసిన కొట్టు చూసుకోండి. అక్కడ మాంసం, చేప, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. మామూలు కొట్లలో "కూరగాయలే" అన్నా చేప రసం పోసేస్తారు, వాళ్ల దృష్టిలో అది ఉప్పు లాంటిది. "మై సై నామ్ ప్లా" అంటే చేప రసం వేయొద్దని. బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు ఉంటాయి, అది మరిచిపోవద్దు.

వాట్ ఫో టిక్కెట్ 300. పడుకున్న బుద్ధుడు 46 మీటర్ల పొడవు, పాదాల మీద ముత్యపు చిప్పతో పొదిగిన 108 శుభచిహ్నాలు ఉంటాయి. విగ్రహం వెనక 108 కంచు గిన్నెల్లో వరసగా నాణేలు వేస్తూ పోతారు, ఆ చప్పుడు హాలంతా మోగుతుంటుంది. థాయ్ మసాజ్ నేర్పే పాత బడి ఈ ఆవరణలోనే ఉంది. మధ్యాహ్నం వరస పెద్దది కాబట్టి ముందు పేరిచ్చి గుడి చూసి రండి.

వాట్ ఫో దగ్గరి తా తియెన్ రేవు నుంచి అవతలి ఒడ్డుకి పడవ 5 బాట్లు. వాట్ అరుణ్ టిక్కెట్ 200, పేరు మన అరుణుడిదే. గోపురం మీద పువ్వులన్నీ చైనా పింగాణీ ముక్కలతో అతికించినవి, దగ్గరికెళ్తే పళ్లేల వంపులు తెలుస్తాయి. మెట్లు బాగా నిటారు. ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడే భయం వేస్తుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద నుంచే చూడటం మంచిది. సూర్యాస్తమయానికి మళ్లీ తా తియెన్ వైపు వచ్చేయండి, గుడి పడమటి ఒడ్డున ఉంది కాబట్టి సూర్యుడు దాని వెనకే దిగుతాడు.

రాత్రి ఉండాల్సివస్తే అసోక్ బాగుంటుంది, స్కైట్రైన్, మెట్రో రెండూ అక్కడ కలుస్తాయి. ప్రతునామ్‌లో మన తిండి, హోల్‌సేల్ బట్టలు దొరుకుతాయి, రోడ్డు మాత్రం పగలంతా జామ్. ఖావో సాన్ చవక, కానీ దగ్గర్లో రైలు లేదు, రాత్రి గోల ఎక్కువ.

అదే రాత్రి విమానం ఉంటే, పెట్టెలు ఎయిర్‌పోర్టులో లగేజీ కౌంటర్లోనే వదిలిరండి. సనమ్ చాయ్ నుంచి సువర్ణభూమికి రైలు మార్పుతో గంటంబావు వేసుకోవాలి. పదకొండు గంటల విమానానికి సాయంత్రం ఆరున్నరకల్లా రేవు దగ్గర లేచిపోవాలి.