కొంగను వెతకాలంటే: నిఘంటువా, బొమ్మా?

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వచ్చే కొంగల గురించి ఇంగ్లీషులో ఏముందో చూడాలనుకోండి. ‘కొంగ’ అని తెలుగులో కొడితే, నిఘంటువు చూసి ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చే వెతుకులాట హెరాన్, ఎగ్రెట్, స్టార్క్, క్రేన్ అని నాలుగు పేర్లిస్తుంది. ఇంగ్లీషు రానివారు ఏది ఎంచుకోవాలి? పైగా క్రేన్ నొక్కితే బరువులెత్తే యంత్రాలూ వస్తాయి.

ప్రతి పేరు పక్కనా బొమ్మ ఉంటే ఆ టెన్షన్ లేదు. పసుపు ముక్కు, గులాబీ రంగు కాళ్ళు చూడగానే శ్రీకాకుళం పిల్లలు కూడా ఎర్రకాళ్ళ కొంగను గుర్తుపడతారు. దాని ఇంగ్లీషు పేరు రాకపోయినా ‘పెయింటెడ్ స్టార్క్’ దొరుకుతుంది. బాబెల్‌నెట్ అనే బహుభాషా నిఘంటువులో అర్థాలకు బొమ్మలు కూడా జోడించారు.

అయితే ‘పాలు’ అని వెతికితే? తాగే పాలకు గ్లాసు బొమ్మ చాలు. ఆస్తిలో పాలుకు ఏ బొమ్మ పెడతాం? అక్కడ ఒక వాక్యం వివరణే మేలు. వస్తువులకూ జీవులకూ మాత్రం నా ఓటు బొమ్మకే.